ప్లాస్టిక్‌లోని మెత్తదనము - మన ఆరోగ్యము

కిందటి ఫాల్గుణ మాసంలో పామిడిముక్కల మండలంలోని ఒక గ్రామానికి, మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. పొలాల్లో మినుము పీకి కుప్పలు వేస్తున్నారు. డాబా మీద పెద్దమ్మ వడియాలు పెట్టిస్తున్నది. ఉడికించిన బియ్యప్పిండిని పొగలు కక్కుతూ ఉండగానే గరిటెతో తెచ్చి వరుసలు వరుసలుగా పోస్తున్నారు. ఒకప్పుడు ఆ ఇంట్లో తడిపిన పాతపంచె మీద వడియాలు పెట్టేవారు. ఈసారి పంచె లేదు. ఎవరిదో పుట్టినరోజు పండుగకు వీధిలో కట్టి, తరువాత విప్పి పారవేసిన ఫ్లెక్సీ ఒకటి పరిచి ఉన్నది. బొమ్మ ఉన్న వైపు కిందికి తిప్పి, తెల్లగా నున్నగా ఉన్న వైపు పైకి వేశారు.

పెద్దమ్మ మనుమరాలు పురిటికి వచ్చి ఉన్నది. ఆ అమ్మాయికి ఈ ఫ్లెక్సీ నచ్చలేదు. పెద్దమ్మకు పంచె వెతకడం నచ్చలేదు. తీర్పు నా మీద పడినది. "ఏరా అబ్బాయ్, నువ్వు రసాయనశాస్త్రం చదువుకున్నావు గదా! ఇది విషమని ఈ పిల్ల పొద్దస్తమానం పోరుపెడుతున్నది. విషమా, కాదా? ఒక్క మాటలో చెప్పు" అన్నది పెద్దమ్మ.

ఆ ఒక్క మాట నా నోట వెంటనే రాలేదు. ఎందుకు రాలేదో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను. ఒక రసాయనం వల్ల కలిగే కీడును శాస్త్రజ్ఞులు ఎట్లా తూచి చూస్తారో తెలిస్తే, ఇంట్లో ఏ వస్తువును ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఉంచకూడదో మనకు మనమే నిర్ణయించుకోవచ్చును.

ఫ్లెక్సీ, రెక్సిన్, వానకోటు, తోటకు నీళ్ళు పెట్టే మెత్తని గొట్టం, నొక్కితే కీచుమనే పిల్లల బొమ్మ - ఇవన్నీ సాధారణంగా పి.వి.సి. అనే ఒకే జాతి ప్లాస్టిక్‌తో తయారవుతవి. నిజానికి పి.వి.సి. గట్టి పదార్థం. బోరుబావి దగ్గర ఉండే బిర్రుగా వంగని పైపు కూడా అదే. ఆ గట్టి పదార్థాన్ని మెత్తగా, వంగేటట్లు చేయడానికి అందులో ఒక నూనెవంటి ద్రవం కలుపుతారు. దానిని ప్లాస్టిసైజరు అంటారు. మెత్తని పి.వి.సి.లో ఈ ద్రవం తరచుగా నూటికి ముప్ఫై, నలభై పాళ్ళు కూడా ఉంటుంది. ఇటువంటి ద్రవాలలో చిరకాలంగా పేరుపడినది డై ఇథైల్ హెక్సైల్ థాలేటు. శాస్త్రగ్రంథాలలో దానిని డి.ఇ.హెచ్.పి. అని, మన దేశపు వర్తకులు డి.ఓ.పి. అని వ్యవహరిస్తారు.

ఈ ద్రవం ప్లాస్టిక్‌లో ఎట్లా ఉంటుందో తెలుసుకోవడం ముఖ్యం. కొత్త తోలుచెప్పులకు మన పెద్దలు ఆముదం పట్టించేవారు. ఆముదం తోలులోకి ఇంకి దానిని మెత్తపరుస్తుంది గాని, తోలుగా మారిపోదు. కొన్నాళ్ళకు ఆముదం జారిపోతుంది. చెప్పు బిరుసెక్కి పగులుతుంది. ప్లాస్టిసైజరు సంగతి కూడా అంతే. పి.వి.సి. గొలుసుల మధ్య అది ఇమిడి ఉంటుందే కాని, వాటితో రసాయనికంగా ముడిపడి ఉండదు. అందుచేతనే పాత వానకోటు కొంతకాలానికి పెళుసై చీలిపోతుంది. ఆ కోటులో ఉండిన మెత్తదనం ఎక్కడికి పోయినది? కొంత గాలిలోకి, కొంత ఇంటి దుమ్ములోకి, కొంత దానిని తాకిన వస్తువులలోకి పోయినది. డి.ఇ.హెచ్.పి. నీటిలో బహు స్వల్పంగా కరుగుతుంది, నూనెలోను కొవ్వులోను సులభంగా కరుగుతుంది. వేడి తగిలితే దాని ప్రయాణం వేగమవుతుంది. ఈ రెండు మాటలు జ్ఞాపకం ఉంచుకోండి: కొవ్వు, వేడి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ప్లాస్టిక్ అన్నంతమాత్రాన అందులో ఈ ద్రవం ఉన్నట్లు కాదు. పాలిథీన్ కవరును మెత్తపరచడానికి ఇది అక్కరలేదు. అది స్వభావంచేతనే మెత్తన. మంచినీళ్ళ సీసాలు చేసే పెట్ అనే ప్లాస్టిక్ పూర్తి పేరులో టెరిఫ్థాలేటు అనే మాట ఉన్నది. పేరు చుట్టరికమే గాని, ఆ సీసాను మెత్తపరచడానికి థాలేటు నూనె కలపరు. వేడి సాంబారు కవరులో పోయించుకోవడం మంచిది కాదనడానికి వేరే కారణాలున్నవి. ఆ నేరాన్ని మాత్రం దీని మీద మోపకూడదు.

ఒక రసాయనం కీడు చేసినదని కొన్ని సందర్భాలలో తేలికగానే తెలిసిపోతుంది. ట్రై ఆర్థో క్రెసైల్ ఫాస్ఫేటు అనేది కూడా ప్లాస్టిసైజరుగా వాడిన పదార్థమే. 1930లో అమెరికాలో, మద్యనిషేధ కాలంలో, సారాయికి బదులుగా తాగే అల్లపు సారంలో కొందరు వ్యాపారులు దీనిని కలిపారు. తనిఖీదారుల పరీక్షకు దొరకకుండా తప్పించుకోవడం వారి ఉద్దేశం. కొద్ది వారాలలో వేలకొలది జనానికి కాళ్ళు పడిపోయినవి. మారిస్ స్మిత్ అనే ప్రభుత్వ పరిశోధకుడు, ఆయన సహచరులు కారణాన్ని కనిపెట్టారు. మన దేశంలోనే, 1988లో కలకత్తాలోని బెహాలా ప్రాంతంలో ఆవనూనెలో ఇదే జాతి పదార్థం కలియగా వందలమంది పక్షవాతం పాలైనారు. మన రాష్ట్రంలో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయినారు. స్టైరీన్ ప్లాస్టిసైజరు కాదు, ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకు. అయినా ఒక సంగతి ఇక్కడ గ్రహించవచ్చు. ఈ మూడు విపత్తులలోను కీడు కంటికి కనిపించినది, కారణానికీ ఫలితానికీ మధ్య దూరం తక్కువ.

డి.ఇ.హెచ్.పి. అట్లాంటిది కాదు. దాని చుక్క నోట పడితే ఎవరూ కూలిపోరు. అది రోజూ రవంత రవంతగా, ఎందరి శరీరాలలోకో, తెలియకుండా చేరుతుంది. జీర్ణకోశంలోని ద్రవాలు దానిని ముక్కలు చేస్తవి. ఆ ముక్కలలో అధికభాగం ఒకటి రెండు రోజులలో మూత్రంతో బయటికి పోతుంది. డి.డి.టి. వలె అది కొవ్వులో ఏళ్ళతరబడి నిలిచి ఉండదు. పోతే పోయినదని సంతోషిద్దామంటే, మరునాడు మళ్ళీ వస్తుంది. అమెరికాలో జనుల మూత్రాన్ని పరీక్షించినప్పుడు దాదాపు అందరిలోను దీని జాడలు కనిపించినవి. రోగి లేడు, రోగం పేరు లేదు, అయినా అందరిలోను పదార్థం ఉన్నది. ఇటువంటి దానిని తూచడం ఎట్లా?

మొదటి ప్రయత్నం జంతువుల మీద జరిగినది. 1982లో అమెరికా ప్రభుత్వం ప్రకటించిన ఒక ప్రయోగంలో ఎలుకలకు, చుంచులకు సుమారు రెండేళ్ళపాటు దీనిని కలిపిన మేత పెట్టారు. ఎలుకలకు పెట్టిన మేతలో అధికమోతాదు నూరు గ్రాములకు 1.2 గ్రాములు. వాటి కాలేయాలలో కంతులు పుట్టినవి. అదే సంవత్సరం అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని 'మానవులకు కాన్సరు కలిగించే అవకాశం ఉన్నది' అనే తరగతిలో చేర్చినది. 2000 సంవత్సరంలో అదే సంస్థ మాట మార్చినది. ఎలుక కాలేయంలో ఆ కంతులు పుట్టే విధానం మనిషి కాలేయానికి వర్తించదని భావించి, 'తరగతి నిర్ణయించడానికి వీలులేదు' అన్నది. 2011లో మళ్ళీ సమావేశమై, కంతులకు మరికొన్ని మార్గాలు కూడా కారణం కావచ్చునని గమనించి, తిరిగి మొదటి తరగతికే చేర్చినది.

ఇది విన్నవారు "శాస్త్రజ్ఞులకే నిలకడ లేదు, మనకేమి తెలుస్తుంది?" అనుకోవచ్చు. నా అభిప్రాయం వేరు. న్యాయస్థానంలో కొత్త సాక్షి వచ్చినప్పుడు విచారణ తిరిగి ప్రారంభించే న్యాయమూర్తిని మనం నిలకడలేనివాడనము. పైగా ఆ సంస్థ చెప్పేది ఒక వస్తువుకు కీడు చేసే స్వభావం ఉన్నదా లేదా అన్నంతవరకే. మన ఇంట్లో అది ఎంత కీడు చేస్తుందన్నది మరొక ప్రశ్న. నాగుపాముకు విషమున్నదన్నది స్వభావం. అది పుట్టలో ఉన్నదా, పక్కకింద ఉన్నదా అన్నది ప్రమాదం. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే కొందరు అనవసరంగా బెదురుతారు, మరికొందరు అనవసరంగా ధైర్యపడతారు.

రెండవ ప్రశ్నకు సమాధానం లెక్కలలో ఉన్నది. 1953లో ప్రకటితమైన ఒక ప్రయోగంలో గినీపందులకు దీనిని మేతతో పెట్టగా, శరీరపు బరువు కిలోకు రోజుకు 19 మిల్లీగ్రాముల మోతాదు దగ్గర వాటి కాలేయం బరువు పెరిగినది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ 19ని వెయ్యితో భాగించినది. జంతువుకూ మనిషికీ తేడా ఉండవచ్చునని పది రెట్లు. మనుషులలోనే దృఢకాయులు, దుర్బలులు ఉంటారని మరి పది రెట్లు. ప్రయోగం జీవితకాలమంతా జరగలేదని, నిరపాయమైన మోతాదు అందులో తేలలేదని ఇంకొక పది రెట్లు. అట్లా తేలిన పరిమితి కిలోకు రోజుకు 0.02 మిల్లీగ్రాములు. ఐరోపా ఆహార రక్షణ సంస్థ 2005లో వేరొక ప్రయోగాన్ని ఆధారంగా తీసుకున్నది. ఎలుకల వృషణాలకు హాని కనిపించని 4.8 మిల్లీగ్రాముల మోతాదును నూటితో భాగించి, 0.05 అని నిర్ణయించినది.

ఈ లెక్క ఇంటికి తెచ్చి చూద్దాం. అరవై కిలోల బరువున్న మనిషికి మొదటి పరిమితి ప్రకారం రోజుకు 1.2 మిల్లీగ్రాములు, రెండవదాని ప్రకారం 3 మిల్లీగ్రాములు. పది కిలోల పసిబిడ్డకు 0.2 లేక 0.5 మాత్రమే. పెద్దమ్మకూ పసివాడికీ ఒకే వడియం పెడితే ఇద్దరి మీద పడే భారం ఒకటి కాదు. 2019లో ఐరోపా సంస్థ ఈ జాతి ద్రవాలు నాలుగింటిని కలిపి లెక్కించినది. మనిషి వాటిని విడివిడిగా కాక, కలగలుపుగానే తింటాడు గదా! ఆ లెక్క ప్రకారం అక్కడి సామాన్యునికి ఆహారం ద్వారా చేరేది కిలోకు రోజుకు సుమారు 1 నుంచి 7 మైక్రోగ్రాములు. పరిమితి 50 మైక్రోగ్రాములు. అంటే అక్కడ సామాన్యుడు గీతకు చాలా దూరంలో ఉన్నాడు. కాని ఐరోపా వంటిల్లు వేరు, మన డాబా వేరు. ఎండలో కాగిన ఫ్లెక్సీ మీద పొగలు కక్కే పిండి పోసే అలవాటు ఆ లెక్కలో లేదు.

మూడవ ప్రశ్న: ఎవరికి? ఇదే అన్నిటికంటె ముఖ్యమని నా నమ్మకం. గర్భంలో మగపిండం రూపుదిద్దుకునే వేళ కొన్ని రోజులు బహు సున్నితమైనవి. ఆ సమయంలో తల్లి ఎలుకలకు ఈ పదార్థం ఎక్కువగా పెట్టినప్పుడు, పిండంలో పురుష హార్మోను తయారీ తగ్గి, పుట్టిన మగపిల్లల జననేంద్రియాలలో లోపాలు కనిపించినవి. మనుషులలో ఇదే జరుగుతున్నదని రూఢిగా చెప్పడం కష్టం. అయితే 2005లో షన్నా స్వాన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు గర్భిణుల మూత్రంలోని థాలేటు జాడలకూ, వారికి పుట్టిన మగశిశువుల శరీర కొలతలలో కనిపించిన స్వల్పభేదాలకూ సంబంధమున్నట్లు ప్రకటించారు. సంబంధం కనిపించినంతమాత్రాన అదే కారణమని తేలదు. కాని తప్పించుకోవడానికి ఖర్చులేని చోట, పూర్తి రుజువు వచ్చేవరకు కాచుకొని కూర్చోవడం వివేకం అనిపించుకోదు.

నాలుగవ ప్రశ్న: దానివల్ల మనం పొందే మేలు ఎంత? దీనికి ఆసుపత్రిలోని రక్తపు సంచి మంచి ఉదాహరణ. ఆ సంచి కూడా మెత్తని పి.వి.సి. అందులోని డి.ఇ.హెచ్.పి. రక్తంలోకి దిగుతుందని 1970 ప్రాంతంలోనే కనుగొన్నారు. చిత్రమేమంటే, అట్లా దిగిన పదార్థం ఎర్రకణాల పొరను బలపరచి, రక్తం ఎక్కువ రోజులు నిలిచేటట్లు చేస్తుంది. తలసేమియా ఉన్న బిడ్డకు ఆ రక్తమే ప్రాణం. అటువంటి చోట ప్లాస్టిసైజరుకు భయపడి రక్తం వద్దనడం అవివేకం. అయితే నెలలు నిండకుండా పుట్టి, ఒంటినిండా గొట్టాలతో వారాల తరబడి చికిత్స పొందే శిశువుకు చేరే మోతాదు సామాన్యునికి చేరే దానికంటె అనేక రెట్లు ఉండవచ్చు. అందుకే 2002లో అమెరికా ఆహార ఔషధ సంస్థ మగశిశువుల చికిత్సలో, వీలున్నచోట, ఈ పదార్థం లేని పరికరాలు వాడవలసిందని వైద్యులకు సూచించినది. చికిత్స మానమనలేదు. పరికరం మార్చమన్నది.

మార్చగలిగిన చోట ప్రభుత్వాలు మార్చినవి. పిల్లలు బొమ్మలను నోట పెట్టుకుంటారు కాబట్టి, ఐరోపాలో 1999లో తాత్కాలికంగాను, 2005లో శాశ్వతంగాను, అమెరికాలో 2008లోను, ఆట వస్తువులలో ఈ పదార్థం నూటికి 0.1 పాలు మించరాదని శాసించారు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆట వస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయినది. ఆ ప్రమాణాలలో థాలేటుల పరీక్ష కూడా ఒకటి. తిరునాళ్ళలో బొమ్మ కొనేటప్పుడు ధరతోపాటు ఆ ముద్రను కూడా చూడండి.

శాసనం ఉన్నంతమాత్రాన చాలదు, చూసే కన్ను కూడా ఉండాలి. 2011 మే నెలలో తైవాన్ దేశంలో పానీయాలు చిక్కగా కనిపించడానికి కలిపే దినుసులో, తాటిజాతి నూనెకు బదులు చవక అని డి.ఇ.హెచ్.పి. పోసిన మోసం బయటపడినది. వేరొక పదార్థం కోసం నమూనాలు పరీక్షిస్తున్న ప్రభుత్వ ప్రయోగశాలలో ఒక ఉద్యోగిని, ఉండకూడని గుర్తు కనిపించగా ఉపేక్షించక వెంబడించినది. ఆ ఒక్కరి శ్రద్ధవల్ల ఎన్నో సరుకులు అంగళ్ళనుంచి తొలగిపోయినవి.

ఇక మనం చేయగలిగినది ఏమిటి? ఇంట్లో ఏ మెత్తని ప్లాస్టిక్ వస్తువు చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది వేడికి తగులుతున్నదా? నూనె, నెయ్యి, పచ్చళ్ళ వంటివాటిని తాకుతున్నదా? చాలాసేపు తాకి ఉంటున్నదా? పసివాడి నోటికో, గర్భిణి పళ్ళెంలోకో పోతున్నదా? నాలుగింటికీ కాదన్న సమాధానం వస్తే ఆ వస్తువు తన మానాన తాను ఉండవచ్చు. వానకోటు తొడుక్కోండి, గొట్టంతో మొక్కలకు నీళ్ళు పెట్టండి. ఒక్కదానికి అవునన్న సమాధానం వచ్చినా ఆ వస్తువును ఆహారం దగ్గరనుంచి తప్పించండి. పచ్చడికి జాడీ, నూనెకు స్టీలు డబ్బా, కూరకు క్యారియరు మన ఇళ్ళలో కొత్తగా కొనవలసిన వస్తువులు కావు. ఇంటి దుమ్మును ఎగరగొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. పాకే పిల్లవాడి చేతులు అన్నం ముందు కడగండి. రెక్సిన్ కోసి, అతికి, వేడిచేసే పనివారు గాలి ఆడే చోట పనిచేయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ప్లాస్టిక్‌ను పొయ్యిలో గాని పెరట్లో గాని తగలబెట్టకండి. పి.వి.సి. కాలితే వచ్చే పొగ ఈ ప్లాస్టిసైజరు కంటె ఎక్కువ చేటు.

మళ్ళీ పెద్దమ్మ డాబా దగ్గరకు వస్తాను. ఈ నాలుగు ప్రశ్నలూ ఆమె ఫ్లెక్సీకి వేసి చూశాను. పిండి పొగలు కక్కుతున్నది, పైన ఎండ. వడియాలు రెండు రోజులు అక్కడే ఉంటవి. తినేవారిలో గర్భిణి ఉన్నది. నాలుగింట మూడు అవునన్నవే. పైగా అది అన్నం కోసం చేసిన వస్తువు కాదు. అందులో ఏ ద్రవం కలిపారో, అచ్చురంగులలో ఏమున్నదో చెప్పే చీటీ కూడా దాని మీద లేదు. 2022 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించినప్పుడు చాలామంది వీధుల శుభ్రతను గురించే ఆలోచించారు. వీధిలోనుంచి విప్పిన ఫ్లెక్సీ డాబా ఎక్కి వడియాల కిందకు చేరుతుందని ఎందరు ఆలోచించారు?

"పెద్దమ్మా, ఒక్క మాటలో చెప్పమన్నావు. విషమని చెప్పను. విషం కాదనీ చెప్పను. ఇది కోళ్ళగూటి మీద కప్పు, వడియాల కింద వద్దు" అన్నాను.

పెద్దమ్మ ఒక్క క్షణం నా వంక చూసినది. "ఆ మాట ముందే చెబితే ఇంత పిండి వృథా అయ్యేది కాదు గదరా" అని, మనుమరాలి వైపు తిరిగి, "పోవే, పెట్టెలో మీ తాతగారి పంచె ఉంటుంది, తడిపి పట్రా" అన్నది.